ముప్పై ఎనిమిదో ఓవర్, నాలుగో బంతి

జనవరి 4, ఆదివారం

నేను తోకచుక్కను చూశానా, లేదా?

ఈ ప్రశ్న నలభై ఏళ్ళుగా నాతోనే ఉంది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న బొల్లారంలో మిలిటరీ వర్క్‌షాపులో ఫిట్టర్. హేలీ తోకచుక్క ఇప్పుడు పోతే మళ్ళీ డెబ్బై ఆరేళ్ళకు గాని రాదని పేపర్లో చదివి, తెల్లవారుజామున క్వార్టర్స్‌లోని పిల్లలందరినీ లేపి మేడ మీదికి ఎక్కించాడు. ఎవరినో అడిగి తెచ్చిన బైనాక్యులర్స్ ఒక్కొక్కరి కళ్ళకు పెట్టి "కనిపించిందా?" అని అడిగాడు. అందరూ "ఆఁ, కనిపించింది" అన్నారు. నా వంతు వచ్చింది. ఒకసారి నాన్న మొహం చూశాను. "కనిపించింది నాన్నా, తోక సుత ఉంది" అన్నాను.

ఆయన సంతోషాన్ని మాత్రం ఖాయంగా చూశాను. తోకచుక్క సంగతే తెలియదు.

మొదటి పేజీలో ఇది రాయాలని కూర్చోలేదు. మా ఆయన భాను నాకీ డైరీ కొనిచ్చింది వేరే పనికి. టీవీలో చర్చ నడుస్తుంటే యాంకర్ కంటే సోఫాలో ఉన్న నేనే ఎక్కువ మాట్లాడతానట. "నీ అభిప్రాయాలన్నీ ఇందుల రాస్కో ఊర్మిళా. నువ్వు చెప్పేది ఆయనకు వినపడ్తలేదు, నాకే వినపడ్తున్నది" అన్నాడు. ఎమ్మెస్సీలో నా పక్క బెంచీలో కూర్చున్న మనిషి. అప్పుడూ ఇదే అనేవాడు.

సరే, పేజీని నాలుగు గళ్ళు చేశాను. సమాజం, రాజకీయం, విజ్ఞానం, క్రికెట్. స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేదాన్ని, గళ్ళు గీయకపోతే ఆలోచన రాదు.

జనవరి 6, మంగళవారం

సమాజం: మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో "లిఫ్టును మీ సొంత వస్తువులా చూసుకోండి" అని కాగితం అంటించారు. లిఫ్టు చెడిపోయి తొమ్మిది రోజులైంది. సొంత వస్తువులాగే చూసుకుంటున్నాం, ఎవరమూ బాగు చేయించడం లేదు.

రాజకీయం: టీవీలో ఎనిమిది మంది ఎనిమిది గళ్ళలో కూర్చుని ఒకేసారి మాట్లాడారు. నా డైరీలో గళ్ళు నాలుగే.

విజ్ఞానం: నలభై దాటాక కంట్లోని కటకం బిగుసుకుంటుంది. ఇప్పుడు నాకు రెండు జతల కళ్ళద్దాలు. ఒకటి పుస్తకానికి, ఒకటి లోకానికి. ఒకదానితో కనిపించేది రెండోదానితో కనిపించదు.

క్రికెట్: ఆదివారం రాస్తాను.

జనవరి 11, ఆదివారం

క్రికెట్ గడి చాలదు. మిగతా మూడు గళ్ళ మీద నుంచి రాస్తున్నాను.

మా ఆడపిల్లల కాలేజీకి లీగ్‌లో ఒక జట్టు ఉంది. ఐదేళ్ళ కింద పీటీ మేడమ్ వచ్చి "స్కోరింగ్ మీరు చెయ్యాలె, లెక్కలు మీయే కదా" అంది. కాదంటే బాగుండదని ఒప్పుకున్నాను. ఇప్పుడు వద్దన్నా వెళ్తాను.

స్కోరర్లు ఇద్దరు ఉంటారు, జట్టుకొకరు. పక్కపక్కన కూర్చుని రెండు పుస్తకాలు రాస్తాం. ఒకరు పైకి చెబుతారు, ఇంకొకరు వింటూ సరిచూసుకుంటారు. అంపైర్ చెయ్యి ఊపితే మేం చెయ్యెత్తి "అందింది" అని చూపాలి. ఆయన చూపిందే రాయాలి. మా కళ్ళకు ఏం కనిపించిందన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఇవాళ అవతలి జట్టు స్కోరర్ తిరుమల్ గారు. రైల్వేలో రిటైరయ్యారు, నలభై ఏళ్ళుగా స్కోరు రాస్తున్నారు. ఇంటికి వెళ్ళాక ప్రతి మ్యాచూ నాలుగు రంగుల పెన్నులతో మళ్ళీ నీటుగా ఎత్తి రాస్తారు. నేనొకసారి "సార్, అది స్పష్టంగా వైడ్ కదా, ఆయన ఇవ్వలేదేమిటి?" అన్నాను. తల ఎత్తకుండానే చెప్పారు: "మేడమ్, మనం చూసెటోళ్ళం కాదు, రాసెటోళ్ళం."

రోజూ క్లాసులో నేను చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసి. కళ్ళకు కనిపించిందే రాయండి, ఎవరో చెప్పింది రాయకండి అని.

జనవరి 25, ఆదివారం

జన్నత్ ఫిఫ్టీ కొట్టింది! యాభై ఎనిమిది.

నా సెకండియర్ క్లాసులో చివరి బెంచీ పిల్ల. వాళ్ళమ్మ ఖమర్ బీకి కార్ఖానా ఏరియాలో చీరలకు ఫాల్, పికో కుట్టే కొట్టు ఉంది. కూతురు ఆడే రోజు కొట్టు మూసి, డబ్బా నిండా కిచిడీ, ఇంకో డబ్బా నిండా దాంట్లోకి చింతపండు ఖట్టా పట్టుకుని బౌండరీ దగ్గర కూర్చుంటుంది. "అరే బేటీ, కాలు కదుపవే! గోడకు గోడ లెక్క నిలవడ్డవేందీ!" అని ఆమె అరిస్తే ఫీల్డర్లు కూడా కాళ్ళు కదుపుతారు.

ఇప్పుడు ఆ పిల్లకు కావలసింది ఇంకొక్క ఫిఫ్టీ. లీగ్‌లో రెండు ఫిఫ్టీలు ఉన్నవాళ్ళనే మార్చిలో జరిగే క్యాంపుకు పిలుస్తారు. అక్కడ ఆడితేనే పై జట్టువాళ్ళ కంట్లో పడేది. మిగిలింది ఒకటే మ్యాచ్.

ఇదే జన్నత్‌కు పోయిన సెమిస్టర్ ఇంటర్నల్‌లో పదమూడు వేశాను. పాసవడానికి పద్నాలుగు కావాలి. "ఒక్క మార్కే కదా మేడమ్" అంది. "ఆ ఒక్కటీ నాకు కనిపించాలి కదా" అన్నాను. ఆ రోజంతా నా మాట నాకే ఎంతో నచ్చింది.

ఫిబ్రవరి 1, ఆదివారం

యాభై నాటౌట్!!

ముప్పై ఎనిమిదో ఓవర్ నాలుగో బంతి. నలభై తొమ్మిది మీద ఉంది. బంతి కాళ్ళ మీదికి వచ్చింది, మణికట్టు తిప్పింది, ఫైన్‌లెగ్‌కు ఒక పరుగు. నేను "ఫిఫ్టీ!" అన్నాను, పిల్లలందరూ లేచారు, జన్నత్ బ్యాటు ఎత్తింది. ఖమర్ బీ డబ్బా మూత ఎత్తింది. తర్వాతి బంతికే అటువైపు అమ్మాయి బౌల్డయి ఆలౌట్ అయ్యాం. మ్యాచ్ ఓడిపోయాం కూడా. ఎవరికి పట్టింది!

ఖట్టాలో ఇంకొంచెం చింతపండు పడితే బాగుండేది. అది తింటూనే పుస్తకాల మీద సంతకాలు పెట్టేశాం.

ఫిబ్రవరి 3, మంగళవారం

తిరుమల్ గారి ఫోన్.

"మేడమ్, జెర పరేషాన్‌ల ఉన్న. మీ పుస్తకంల జన్నత్‌కు ఎంతున్నది?"

"యాభై సార్."

"నా పుస్తకంల నలభై తొమ్మిది. రంగులేసుకుంట రాస్తుంటె దొరికింది. నాలుగో బంతి నాకు లెగ్‌బై అని ఉన్నది."

అంటే బంతి బ్యాటుకు తగల్లేదు, కాలికి తగిలి పోయింది, పరుగు జట్టుది గాని జన్నత్‌ది కాదు. ఓవర్ అయ్యాక మేం సరిచూసుకునేది మొత్తం స్కోరు. పరుగు ఎవరి ఖాతాలో వేసినా మొత్తం ఒకటే కదా, ఇద్దరికీ సరిపోయింది. ఇన్నింగ్స్ అయ్యాక గడి గడి సరిచూడాలి. అప్పుడే ఖట్టా వచ్చింది.

"నలభై ఏండ్లల నాకు ఇసుంటిది కాలే మేడమ్" అన్నారాయన. గొంతు వింటే ఇంట్లో దొంగలు పడ్డట్టుంది.

బ్యాటు అంచుకు తగిలింది. నేను చూశాను.

ఫిబ్రవరి 4

చప్పుడు కూడా విన్నాను. టిక్‌మని.

ఫిబ్రవరి 5, గురువారం

మా టేబుల్ నుంచి పిచ్ డెబ్బై గజాలు ఉంటుంది. వెనక రోడ్డు. అక్కడ బస్సు హారన్ తప్ప నాకు ఏనాడూ ఏదీ వినిపించలేదు. బౌల్డయితే కూడా కీపర్ ఎగిరితేనే తెలుస్తుంది.

మరి ఆ టిక్ ఎక్కడిది?

సమాజం: ఖాళీ. రాజకీయం: ఖాళీ. విజ్ఞానం: సైన్స్ దినోత్సవానికి నా ప్రసంగం ఉంది. డిసెంబర్‌లోనే అంశం ఇచ్చేశాను. "పరిశీలన: చూడటం, నమ్మటం". మార్చుకోవచ్చా అని అడిగాను. బ్యానర్ కొట్టించేశారట.

ఫిబ్రవరి 6

ఆ బంతికి నా ముక్కు మీద ఏ కళ్ళద్దాలు ఉన్నాయి?

ఫిబ్రవరి 7, శనివారం

తిరుమల్ గారూ నేనూ కలిసి అంపైర్ దగ్గరికి వెళ్ళాం. అల్లాఉద్దీన్ గారు వారమంతా టైలర్, ఆదివారం అంపైర్. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని ఎవరిదో బ్లౌజుకు చేతులు కలుపుతున్నారు.

"అల్లాఉద్దీన్ భాయ్, యాదికున్నదా? ముప్పై ఎనిమిదో ఓవర్, నాలుగో బంతి" అన్నారు తిరుమల్ గారు.

ఆయన సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చారు. "తిరుమల్ సాబ్, ఆనాడు నేను నాలుగు వందల చిల్లర బంతులు చూసిన. ఇంటికొచ్చి పెండ్లోళ్ళయి పదకొండు బ్లౌజులు కుట్టిన. గందుల నాలుగో బంతి అంటె ఏది చెప్పాలె?"

"మా జన్నత్ ఫైన్‌లెగ్‌కు తిప్పింది. లెగ్‌బై చూపించారా మీరు?" అని నేను అడిగాను.

ఆయన కూర్చున్న చోటే మోకాలు కాస్త లేపి అరచేత్తో తట్టారు, లెగ్‌బైకి తట్టినట్టే. వెంటనే మొహం చిట్లించారు. "ఆఁ, చూపిచ్చిన. గీ మోకాలు లేపినప్పుడు పానం పోయినంత పనయ్యింది. అందుకే యాదికొచ్చింది."

"బ్యాటుకు తగిలిందేమోనని మీకు అనిపించలేదా?"

"అనిపించుడు వేరే మేడమ్, ఇచ్చుడు వేరే. తప్పు ఇచ్చిన్నేమో. కానీ ఇచ్చిన."

దేశంలో ఇంత సూటిగా మాట్లాడే అధికారిని నేనింతవరకూ చూడలేదు.

తిరుమల్ గారి వైపు తిరిగాను. "అయితే ఆయన మోకాలు తట్టడం మీరు చూసే రాశారన్నమాట."

ఆయన ఇబ్బందిగా కదిలారు. "ఏం చెప్పాలె మేడమ్. నా పెన్ను క్యాప్ కింద పడ్డది. కుర్చీ కింద దేవులాడుతున్న. మీరు చెప్తె విని రాసిన."

"నేనేం చెప్పాను?"

"'లెగ్‌బై ఒకటి' అన్నరు. అంపైర్‌కు చెయ్యి సుత లేపిన్రు."



అంటే అంపైర్ తట్టడం నేను చూశాను, చెయ్యెత్తాను, లెగ్‌బై అని పైకి చెప్పాను. చెప్పి, అదే చేత్తో జన్నత్ పేరు ఎదురుగా ఒకటి వేశాను. ఆపైన "ఫిఫ్టీ!" అని అరిచాను. నోరు అంపైర్ మాట విన్నది. చెయ్యి ఎవరి మాట విన్నట్టు?

అల్లాఉద్దీన్ గారు సూదులు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుంటూ అన్నారు: "టీచరమ్మలకు మార్కులేసే అలవాటు ఉంటది కదా."

ఫిబ్రవరి 8, ఆదివారం

దిద్దాను. ఎర్ర సిరాతో యాభై కొట్టేసి నలభై తొమ్మిది వేశాను, పక్కన సంతకం. చిన్న అంకె. ఇంతసేపు పడుతుందనుకోలేదు.

పెన్ను పట్టుకుని కూర్చుంటే వీరరాఘవమ్మ గారు గుర్తొచ్చింది. పోయిన లోక్‌సభ ఎన్నికలకు నన్ను నగరం చివర ఒక బడిలో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వేశారు. మధ్యాహ్నం డెబ్బై దాటిన ఈవిడ వచ్చింది. జాబితాలో ఆమె పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేసి పోయారు. "నా ఏలు చూడు బిడ్డా, సిరా ఉన్నదా?" అని తెల్లటి వేలు నా మొహం ముందు పెట్టింది. అలాంటివాళ్ళకు టెండర్ ఓటు అని కాగితం మీద ఇస్తాం. ఆమె ముద్ర వేసింది. కవర్లో పెట్టి సీలు వేశాను. "ఇది లెక్కపెడ్తరా?" అంది. మామూలుగా లెక్కపెట్టరు. "భద్రంగా పెడతాం అమ్మా" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఉంది చూడు, దానికి ఏ గడీ సరిపోదు.

ఇవాళా అదే చేశాను. దిద్దిన అంకె కింద, రిమార్కుల చోట రాశాను: "38వ ఓవర్ 4వ బంతి. అంపైర్ సిగ్నల్ లెగ్‌బై. బంతి బ్యాటుకు తగిలిందని ఒక స్కోరర్ అభిప్రాయం."

పక్కనే కూర్చున్న తిరుమల్ గారు రెండుసార్లు చదివారు. "స్కోర్‌బుక్కుల అభిప్రాయమా? నలభై ఏండ్లల చూడలే మేడమ్."

అభిప్రాయాల కోసం మా ఆయన విడిగా పుస్తకం కొనిచ్చాడు. అందులో రాయాల్సింది ఇందులో రాశాను.

ఫిబ్రవరి 9, సోమవారం

జన్నత్‌కు నేనే చెప్పాలి కదా. క్లాసయ్యాక వరండాలో ఆపి చెప్పాను.

"మజాక్ చేస్తున్నరా మేడమ్?"

"లేదు."

గోడకు ఆనుకుంది. "మరి నేను బ్యాట్ సుత లేపిన కదా మేడమ్. ఇప్పుడు దాన్ని దించుడెట్ల?"

నవ్వొచ్చింది నాకు. నవ్వకూడని చోటు.

"నిజం చెప్పు జన్నత్. తగిలిందా?"

చాలా ఆలోచించింది. నా పరీక్షలో కూడా అంత ఆలోచించదు. "తాకినట్టే అనిపించింది మేడమ్. కానీ నేను కీపర్‌కు దొరికి ఔటైన ప్రతిసారి నాకు తాకలేదనే అనిపిస్తది. గందుకని నా మాట పట్టుకోకున్రి."

"ఒక్క పరుగే కదా మేడమ్" అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఖమర్ బీ డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. కడిగి ఇవ్వడానికి కొట్టుకు వెళ్ళాను. ఆమె మిషన్ ఆపలేదు.

"మా ఇంట్ల మీ పేరు మంచిగుండె మేడమ్. పదమూడు మార్కులేసిన్రు, అప్పుడు సుత మంచిగనే ఉండె. 'మీ టీచరమ్మ కండ్లకు ఎంత కనపడితె గంతే ఇస్తది, ఆమెను ఏమనకు' అని నేనే పొట్టిదానికి సమ్ఝాయించిన. మరి గిప్పుడేందీ? మీ కండ్లకు కనపడ్డది, మీ చెయ్యి రాసింది. అది సుత గుంజుకుంటున్నరు?"

చేతిసంచీలో ఉన్న చీర తీసి ఫాల్ వెయ్యమని ఇచ్చి వచ్చేశాను.

ఆ చీరకు ఫాల్ ఉంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పొద్దున్నే భాను, నేను బోయిన్‌పల్లి మార్కెట్టుకు వెళ్ళాం. టమాటా డబ్బాల మధ్య ఉండగా ఫోన్.

"ఊర్మిళ గారా? క్యాంపు సెలెక్షన్ నుంచి ప్రేమమణిని. మీ స్కోర్‌బుక్కు నా ముందట ఉన్నది. గీ రిమార్కేందమ్మా? స్కోరా, ఉత్తరమా?"

ప్రేమమణి గారు ఒకప్పుడు బాగా ఆడినావిడ. నేనేదో సంజాయిషీ మొదలుపెట్టాను. పక్కన వేలంపాట కేకలు. ఆవిడ ఇంకా గట్టిగా మాట్లాడారు.

"ఇనుండ్రి. నేను ఆడిన రోజులల్ల మాకు స్కోరరే దిక్కులేకుండె. ఎవరు ఎన్ని కొట్టిన్రో ఎవరికి తెల్వది. గందుకే నాకు మీరంటే మర్యాద. పందొమ్మిది పేర్లు రాసిన. ఇరవైయోది రూల్ పక్కకువెట్టి నా ఇష్టం మీద రాయొచ్చు. ఇద్దరు పిల్లలున్నరు నా ముందట. మీ పిల్లకు అది నిజంగ ఫిఫ్టీ అయితె ఆమెను రాస్త. అభిప్రాయం వద్దు నాకు. తాకింది మీరు చూసిన్రా, చూడలేదా?"

దగ్గరి కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాను, పుచ్చులు చూసుకోవడానికి. మార్కెట్టంతా ఎర్రగా, మసగ్గా ఉంది.

"చూశాను" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

తోక సుత ఉంది అనలేదు, అంతే.

భాను సంచీ పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఆ బంతి సంగతేనా? నిజంగ చూసినవా నువ్వు?"

"రెండు కిలోలు చాలా, మూడు తీసుకుందామా?" అన్నాను.

మూడు తీసుకున్నాం. ఎక్కువైంది.

ఫిబ్రవరి 14

స్కోర్‌బుక్కులో నలభై తొమ్మిదే ఉంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 16

దూరపు కళ్ళద్దాలే. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. ప్రతి బంతికీ మార్చుకుంటాను కదా, దానికి మాత్రం ఎందుకు మార్చుకోను?

ఫిబ్రవరి 20, శుక్రవారం

జాబితా వచ్చింది. ఇరవైయో పేరు జన్నత్.

సాయంత్రం ఖమర్ బీ మనిషితో పంపింది: ఒక డబ్బా ఖట్టా, నా చీర. ఉన్న ఫాల్ మీదే ఇంకో ఫాల్ కుట్టింది. కింద అంచు ఎంత బరువుగా ఉందంటే, కట్టుకుని నడిస్తే పెద్దమనిషిలా ఉంటాను. ఖట్టాలో ఈసారి చింతపండు సరిపోయింది.

ఫిబ్రవరి 21

ఇద్దరు పిల్లలున్నారని అన్నారు ప్రేమమణి గారు. ఆ రెండో అమ్మాయి పేరేమిటో అడగలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

ప్రసంగం అయిపోయింది. నా తల మీద బ్యానర్, "పరిశీలన: చూడటం, నమ్మటం". మనం ముందు చూసి తర్వాత నమ్మాలి, నమ్మి తర్వాత చూడకూడదు అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మైకు కూడా ఒక్కసారీ కుయ్యిమనలేదు. సాధారణంగా సైన్స్ దినోత్సవం రోజున మైకు పని చెయ్యదు.

చివర్లో ఫస్టియర్ పిల్ల ఒకతె లేచింది. పేరు నీహారికట. "మేడమ్, మనం నిజంగ చూసిందేదో, చూసిననుకున్నదేదో మనకే ఎట్ల తెలుస్తది?"

"మంచి ప్రశ్న" అన్నాను.

జవాబు లేనప్పుడే టీచర్లు మంచి ప్రశ్న అంటారని ఆ పిల్లకు ఇంకా తెలిసినట్టు లేదు. సంతోషంగా కూర్చుంది.

మార్చి 8, ఆదివారం

క్యాంపు నుంచి జన్నత్ ఫోన్ చేసింది. ఇవాళ వాళ్ళలో వాళ్ళకే మ్యాచ్ పెట్టారట.

"గుండుసున్నా మేడమ్! ఇరవై మందిల నాకొక్కదానికే" అని నవ్వుతోంది.

"ఎలా ఔటయ్యావ్?"

"కీపర్‌కు దొరికిన. అంపైర్ ఇయ్యలే. నేనే నడుచుకుంట వచ్చేసిన."

"ఆయన ఇవ్వకపోతే నువ్వెందుకు వచ్చావే? అంపైర్ ఇచ్చిందే ఆట కదా!" గట్టిగానే అన్నాను. లోపల గదిలోంచి భాను తొంగి చూశాడు.

"తాకింది మేడమ్. చెయ్యికి తెలిసింది. ప్రేమమణి మేడమ్ వారం నుంచి మాకు కండ్లకు గుడ్డ కట్టి, బ్యాటుకు, ప్యాడ్‌కు బంతి తగిలిస్తున్నరు. ఎక్కడ తాకిందో మనం చెప్పాలె. మొదాట్ల అన్ని తప్పులే చెప్పిన. ఇప్పుడు ఒక్కటి తప్పు పోతలేదు. అంచుకు తాకితె ఒక తీరు, ప్యాడ్‌కు తాకితె ఒక తీరు. గమ్మతేందంటె మేడమ్, ఎనుకట ఆడినయి సుత చెయ్యికి యాదికొస్తున్నయ్, ఏది ఎక్కడ తాకిందో." కాస్త ఆగింది. "మేడమ్, ఆ ఫిబ్రవరి ఒకటి నాటి బంతి..."

"జన్నత్, బెల్లు కొట్టారు. నాకు క్లాసుంది" అని పెట్టేశాను.

ఆదివారం.

మార్చి 10, మంగళవారం

గళ్ళు గీయలేదు ఇవాళ.

నాన్న పోయి తొమ్మిదేళ్ళు. తోకచుక్క సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఏమనేవాడో. నాకూ కనిపించలేదే అనేవాడేమో, బైనాక్యులర్స్ ముందు చూసింది ఆయనే కదా. ఆ ఆలోచన ఇన్నేళ్ళలో ఇవాళే వచ్చింది.

అది మళ్ళీ 2061లో వస్తుంది. అప్పటికి నాకు ఎనభై ఒకటి, ఎన్ని జతల కళ్ళద్దాలో. దానికోసం అన్నేళ్ళు ఆగాలి. ఈ బంతికి అలా కాదు. కార్ఖానాకు వెళ్ళే దారిలో, వచ్చే ఆదివారం క్యాంపు నుంచి వచ్చే పిల్లను ఒక్క మాట అడిగితే చాలు. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. గుండుసున్నా తెచ్చుకుని నడిచి వచ్చిన పిల్ల.

తగిలిందంటే నేను చూసినట్టే. తగల్లేదంటే, పేరు కూడా అడగని ఒక అమ్మాయి చోటు నేను ఇంకొకరికి ఇచ్చినట్టు. జన్నత్‌కు పదమూడు వేసిన చేత్తోనే.

ఆ రోజు నేను చూశానో, చూడాలనుకున్నానో నాకు తెలియదు. జన్నత్‌కు తెలుసు. అడగాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.